పెద్ద కూర మెత్తగా ఉడకాలంటే – ఒక వంట పాఠం



వార్షికోత్సవ సంచిక అంటే క్రమశిక్షణ గురించి, లక్ష్యసాధన గురించి, సమయపాలన గురించి వ్యాసాలు ఉండటం ఆనవాయితీ. అవన్నీ ఉండవలసినవే. ఈసారి మా బ్యాచ్ వాళ్ళం మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని ఒక పాఠం రాశాం. విషయం పెద్ద కూర. దాన్ని పళ్ళు లేని ముసలివాళ్ళు కూడా తినగలిగేంత మెత్తగా, పనికి వెళ్ళి వచ్చేసరికి సిద్ధంగా ఉండేట్టు ఎలా వండాలి అన్నది పాఠం. ఇందులో మీ సైన్సు పుస్తకం ఉంది, మన అమ్మల అనుభవం ఉంది. మేము చేసిన ఒక తప్పు కూడా ఉంది. ముందు ఆ తప్పు సంగతి చెప్తాం.

ఆదివారం క్యారేజీ

మేము హాస్టల్లో ఉన్నది 1990ల చివర్లో. ఆదివారం వచ్చిందంటే ఇళ్ళ నుంచి ఎవరో ఒకరు వచ్చేవారు. దిండి వైపు నుంచి, గోదావరి ఒడ్డు ఊళ్ళ నుంచి సైకిళ్ళ మీద, కాలినడకన క్యారేజీలు పట్టుకుని వచ్చేవారు. మాలో ఒకడి తల్లి కూలి పనికి వెళ్ళే మనిషి. శనివారం సాయంత్రం పోగు తెచ్చి, రాత్రంతా సన్నటి సెగ మీద ఉంచి, తెల్లారి క్యారేజీలో పెట్టి తెచ్చేది. మేమంతా కొబ్బరిచెట్ల కింద కూర్చుని ఆ కూర పంచుకునేవాళ్ళం. ముక్క వేలితో నొక్కితే విడిపోయేది.

ఒక ఆదివారం అటుగా వెళ్తున్న వేరే పిల్లలు ముక్కు మూసుకుని "ఏం కూర్రా అది?" అని అడిగారు. మావాడు తల వంచుకుని "మటన్" అన్నాడు. మేమందరం "అవును, మటనే" అన్నాం. అమ్మ అక్కడే ఉంది. ఏమీ అనలేదు. మూతలు పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తరువాత ఆదివారం క్యారేజీలో పప్పు వచ్చింది. ఆ సంవత్సరమంతా పప్పే వచ్చింది.

అప్పుడు మాకు అర్థం కాలేదు. ఆమె రాత్రంతా చేసిన పనిని మేము ఒక్క మాటతో కాదన్నాం. ఆ పని ఎంత తెలివైనదో తెలుసుకోవడానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది. ఈ పాఠం అందుకే.

మాంసం ఎందుకు గట్టిగా ఉంటుంది?

మన ప్రాంతంలో పెద్ద కూర అంటే ఎక్కువగా గేదె, దున్నపోతు మాంసమే. అది వయసు మళ్ళిన పశువు. నాగలి లాగిందో, బండి లాగిందో, ఏళ్ళ తరబడి పాలిచ్చిందో అయి ఉంటుంది. పనిచేసిన కండ గట్టిపడుతుంది. ఇది మనుషులకూ వర్తించే సూత్రమే.

కండలో రెండు భాగాలు గమనించాలి. ఒకటి కండపోగులు. ఇవి దారాల్లా ఉంటాయి. రెండోది ఆ దారాలను కట్టగా కట్టి ఉంచే తెల్లటి పొర. ఆ పొరలో ఉండే ముఖ్యమైన ప్రొటీన్ పేరు కొల్లాజెన్. పశువు వయసు పెరిగేకొద్దీ కొల్లాజెన్ పోగుల మధ్య ముడులు బిగుస్తాయి. అందుకే లేత మాంసం త్వరగా ఉడుకుతుంది, ముదురు మాంసం ఉడకదు.

శరీరంలో ఎక్కువ పనిచేసే భాగాలు పిక్క, మెడ, జబ్బ. వీటిలో కొల్లాజెన్ ఎక్కువ. వెన్ను పక్కన ఉండే కండ తక్కువ పనిచేస్తుంది కాబట్టి మెత్తగా ఉంటుంది. డబ్బున్నవాడు వెన్ను కండ కొంటాడు, మన వాటాకు పిక్క వస్తుంది. కానీ నెమ్మదిగా వండే కూరకు పిక్కే మేలు. ఎందుకో చూడండి.

వేడి ఏం చేస్తుంది?

మాంసం వేడెక్కేటప్పుడు జరిగే మార్పులు వరుసగా ఇవి:

1. సుమారు 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ మధ్య కండపోగులు ముడుచుకుని లోపలి నీటిని బయటికి పిండేస్తాయి. కొల్లాజెన్ కూడా బిగుసుకుంటుంది. అంటే మాంసం మొదట మెత్తబడదు, ఇంకా గట్టిపడుతుంది.

2. 70 డిగ్రీలు దాటాక కొల్లాజెన్ నెమ్మదిగా కరగడం మొదలుపెడుతుంది. కరిగి జెలటిన్ అవుతుంది. 80, 90 డిగ్రీల దగ్గర ఈ పని వేగం పుంజుకుంటుంది. అయినా గంటలు పడుతుంది.

3. కొల్లాజెన్ కరిగితే కట్ట విప్పిన గడ్డిమోపులా కండపోగులు విడివిడిగా వచ్చేస్తాయి. జెలటిన్ పులుసులో కలిసి చిక్కదనం ఇస్తుంది. చల్లారిన పెద్ద కూర గిన్నెలో పులుసు గడ్డకట్టడం మీరు చూసే ఉంటారు. అందులో కొవ్వు కొంత, జెలటిన్ కొంత.

చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఓడిపోతారు. ముప్పావు గంట ఉడికించి, ముక్క కొరికి చూసి, "రబ్బరులా ఉంది, ఇది ఉడకని మాంసం" అని మంట పెంచేస్తారు. మంట పెంచితే లాభం లేదు. మూత మామూలుగా పెట్టిన గిన్నెలో నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కట్టెలు రెట్టింపు పెట్టినా అది 100 దాటదు. నీరు మాత్రం త్వరగా ఇగిరిపోతుంది, కూర అడుగంటుతుంది, కట్టెలు దండుగ. మావాడి తల్లి పొయ్యి దగ్గర మమ్మల్ని కూర్చోబెట్టినప్పుడు "మంట పెంచకండ్రా బాబూ, సెగ చాలు" అనేది. ఆమె భౌతికశాస్త్రం చదవలేదు కానీ చెప్పింది భౌతికశాస్త్రమే.

దాలి నుంచి స్లో కుక్కర్ దాకా

కోనసీమలో పాడి ఉన్న ఇళ్ళ పెరట్లో దాలి ఉండేది. నేలలో గుంట తీసి, పిడకలు వేసి నిప్పు చేసి, మండకుండా కుములుతూ ఉండేట్టు చూసి, దాని మీద పాలకుండ పెట్టేవారు. పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి, మందంగా మీగడ కట్టేవి. మరుగు రాదు కాబట్టి పొంగదు, పక్కన మనిషి కాపలా ఉండనక్కరలేదు. మన ఇళ్ళలో పాలకుండ లేకపోయినా అదే పద్ధతి మాంసానికి వాడారు. మూడు రాళ్ళ పొయ్యిలో కొబ్బరి డొక్కలు కుమిలేట్టు పెట్టి, మట్టికుండ మీద బరువైన మూత ఉంచి వదిలేసేవారు. కొబ్బరి డొక్క మంట తక్కువ, నిప్పు ఎక్కువసేపు. పులస పులుసును మట్టిపాత్రలో సన్నసెగ మీద పెట్టడం వెనుక ఉన్నదీ ఇదే సూత్రం. హైదరాబాద్‌లో రంజాన్ నెలలో హలీమ్‌ను భట్టీ మీద గంటల తరబడి ఉంచి గుజ్జు చేయడమూ ఇదే.

ఇప్పుడు బజార్లో దొరికే స్లో కుక్కర్ కరెంటుతో నడిచే దాలి తప్ప మరొకటి కాదు. దాని పుట్టుక కూడా మన కథలాంటిదే. అమెరికాలోని చికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అనే యూదు ఇంజనీరు ఉండేవాడు. అతని తల్లి లిథువేనియా దేశంలోని విల్నియస్ గురించి చెప్పేది. యూదులు శుక్రవారం పొద్దుగూకిన దగ్గర నుంచి శనివారం రాత్రి దాకా నిప్పు వెలిగించరు. అందుకని శుక్రవారం సాయంత్రమే చిక్కుళ్ళు, మాంసం కుండలో వేసి రొట్టెల బట్టీకి పంపేవారు. చల్లారుతున్న బట్టీలో మిగిలిన వేడికే అది రాత్రంతా ఉడికేది. ఆ వంట పేరు చోలెంట్. తల్లి చెప్పిన ఆ కుండను మనసులో పెట్టుకుని నాక్సన్ కరెంటు కుండ చేశాడు. 1940లో దానికి పేటెంట్ వచ్చింది. 1970లో రైవల్ అనే కంపెనీ అతని వ్యాపారాన్ని కొని, 1971లో క్రాక్‌పాట్ పేరుతో బజారుకు తెచ్చింది. పనికి వెళ్ళే ఆడవాళ్ళు పొద్దున కుండలో అన్నీ వేసి వెళ్ళి, సాయంత్రం వచ్చి తినేవారు.

మిత్రులారా, ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. అతను తల్లి వంటను దాచలేదు. దాని వెనుక ఉన్న సూత్రం పట్టుకున్నాడు.

కోనసీమ నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసే అక్కలు, పిన్నులు మనలో చాలా ఇళ్ళకు ఉన్నారు. మా బ్యాచ్‌లో ఒకరి అక్క కువైట్ నుంచి వస్తూ స్లో కుక్కర్ తెచ్చింది. ఈ పాఠంలోని కొలతలు దానిలోనూ, కుండలోనూ, ప్రెషర్ కుక్కర్‌లోనూ వండి చూసినవే.

కావలసినవి (ఆరుగురికి)

పెద్ద కూర (పిక్క, జబ్బ లేదా మెడ) – 1 కిలో, ఎముకతో ఉంటే మరీ మంచిది
ఉల్లిపాయలు – 3 పెద్దవి
పచ్చిమిర్చి – 5
అల్లం వెల్లుల్లి ముద్ద – 2 పెద్ద చెంచాలు
పసుపు – 1 చిన్న చెంచా
కారం – 3 చిన్న చెంచాలు
ఉప్పు – తగినంత (మేము రెండు చిన్న చెంచాలతో మొదలుపెడతాం)
ధనియాల పొడి – 2 చిన్న చెంచాలు
లవంగాలు 5, యాలకులు 3, దాల్చినచెక్క చిన్న ముక్క
గసగసాలు 1 పెద్ద చెంచా, పచ్చికొబ్బరి 2 పెద్ద చెంచాలు – కలిపి నూరిన ముద్ద
నూనె – 4 పెద్ద చెంచాలు
చింతచిగురు – దొరికే రోజుల్లో రెండు గుప్పిళ్ళు

వండే విధానం

1. ముక్కలు మరీ చిన్నవిగా కొట్టించకండి. రెండు వేళ్ళ మందం ఉండాలి. చిన్న ముక్కలు ఎక్కువసేపు ఉడికితే పీచుపీచు అవుతాయి.

2. కడిగి నీళ్ళు పూర్తిగా వార్చి, పసుపు, ఉప్పు, సగం అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి అరగంట ఉంచండి. మాంసం బాగా ముదురైతే పచ్చి బొప్పాయి తురుము ఒక పెద్ద చెంచా కలపండి. బొప్పాయి పాలలోని పపాయిన్ అనే ఎంజైమ్ ప్రొటీన్లను కత్తిరిస్తుంది. అంతకన్నా ఎక్కువ వేసినా, రాత్రంతా ఉంచినా పైభాగం పిండిలా అయిపోతుంది.

3. మందపాటి మూకుడులో నూనె కాచి ముక్కలను రెండు విడతలుగా వేయించండి. ఒకేసారి కుమ్మరిస్తే నీరు ఊరి ఉడుకుతాయి తప్ప వేగవు. గోధుమరంగు రావాలంటే ముక్క పైభాగం 140 డిగ్రీలు దాటాలి. నీటిలో అది జరగదు. కమ్మటి వాసన ఇక్కడే పుడుతుంది.

4. ముక్కలు తీసి అదే నూనెలో లవంగాలు, యాలకులు, చెక్క, తరువాత ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేసి ఎర్రగా వేయించండి. మిగిలిన అల్లం వెల్లుల్లి ముద్ద వేసి పచ్చివాసన పోయాక కారం, ధనియాల పొడి వేయండి. ముక్కలు తిరిగి వేసి కలిపి వేడినీళ్ళు పోయండి.

5. ఇక్కడి నుంచి మీ దగ్గర ఉన్న పాత్రను బట్టి నడవండి.

మట్టికుండ లేదా మందపాటి గిన్నె: మూడు గ్లాసుల నీళ్ళు. ఒకసారి మరుగు రానిచ్చి, బుడగ అప్పుడొకటి ఇప్పుడొకటి లేచేంత సెగ మీద మూడు నుంచి నాలుగు గంటలు.

స్లో కుక్కర్: ఒక గ్లాసు నీళ్ళు చాలు, ఆవిరి బయటికి పోదు. తక్కువ వేడి మీద ఎనిమిది గంటలు, ఎక్కువ వేడి మీద నాలుగైదు గంటలు. ఊరికే మూత తీసి చూడకండి. తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది.

ప్రెషర్ కుక్కర్: గ్లాసున్నర నీళ్ళు. లోపల ఒత్తిడి పెరగడం వల్ల నీరు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది, పని గంటల నుంచి నిమిషాలకు తగ్గుతుంది. మొదటి విజిల్ తరువాత సిమ్‌లో 30 నిమిషాలు. ఆవిరి తనంతట తాను దిగాకే మూత తీయాలి.

6. ముక్క వేలితో నొక్కితే విడిపోవాలి. అప్పుడు కొబ్బరి, గసగసాల ముద్ద వేయండి. చింతచిగురు రెండు చేతుల మధ్య నలిపి వేసి మరో పది నిమిషాలు ఉంచండి. చిగురు ముందే వేస్తే కమ్మదనం పోతుంది. బంగాళాదుంపలు వేసేట్టయితే అవి ఉడికాకే పులుపు వేయాలి. పులుపులో దుంప ఉడకదు.

వేడి అన్నంలోకి సరే, మర్నాడు పొద్దున చద్దన్నంలోకి ఇంకా రుచి. రాత్రంతా పులుసు ముక్కకు పడుతుంది.

జాగ్రత్తలు

సూక్ష్మజీవులు 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేగంగా పెరుగుతాయి. నెమ్మదిగా వండటం అంటే గోరువెచ్చగా ఉంచడం కాదు. స్లో కుక్కర్‌లో గడ్డకట్టిన మాంసం నేరుగా వేయకూడదు. పాత్ర మూడు వంతులకు మించి నింపకూడదు. మధ్యలో కరెంటు పోతే ఆలస్యం చేయకుండా గ్యాస్ మీదికి మార్చండి. మిగిలిన కూర రెండు గంటలలోపు చల్లటి చోట పెట్టి, తినేముందు బాగా మరిగించండి. స్లో కుక్కర్‌లో రాజ్మా వేయాలనుకుంటే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, వేరే నీళ్ళలో పది నిమిషాలు తెర్లించాకే వేయాలి. పచ్చి రాజ్మాలో ఉండే విషపదార్థం తక్కువ వేడికి పోదు.

సరిగా ఉడకని పెద్ద మాంసం వల్ల బద్దెపురుగు సోకవచ్చు. పూర్తిగా ఉడికితే ఆ భయం లేదు.

ఆరోగ్యం, చట్టం

ఈ మాంసం 100 గ్రాములలో సుమారు 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఇందులోని ఇనుమును శరీరం ఆకుకూరల్లోని ఇనుము కన్నా తేలిగ్గా తీసుకుంటుంది. రక్తహీనత ఉన్న ఆడపిల్లలకు ఇది ముఖ్యమైన సంగతి. విటమిన్ బి12 కూడా దొరుకుతుంది. అయితే ఎర్ర మాంసం ఎంత తిన్నా మంచిదే అనుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ఎర్ర మాంసాన్ని క్యాన్సర్‌కు కారణం కాగలిగే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. వండిన మాంసం వారానికి మనిషికి అరకిలో దాటకుండా చూసుకోవడం మంచిది. వారానికి ఒకటి రెండుసార్లు, పక్కన ఆకుకూరతో తింటే చాలు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, జంతు సంరక్షణ చట్టం ప్రకారం ఆవులను, దూడలను వధించడం నేరం. పనికి, పాడికి పనికిరాని ఇతర పశువులను అధికారి ధ్రువపత్రంతో వధించవచ్చు. ధ్రువపత్రం ఉన్న చోటే కొనాలి. శుభ్రతకూ అదే మంచిది, మన భద్రతకూ అదే మంచిది. 2016 ఆగస్టులో మన అమలాపురంలోనే, కరెంటు తగిలి చనిపోయిన ఆవు చర్మం వలుస్తున్న ఇద్దరు దళిత సోదరులను కట్టేసి కొట్టారు. వాళ్ళు ఆవును చంపలేదు, తమ పని తాము చేసుకుంటున్నారు. తిండి మీద, వృత్తి మీద వేసిన ముద్ర ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే డాక్టర్ అంబేద్కర్ 1948లో అచ్చువేసిన అంటరానివారి చరిత్ర పుస్తకం చదవండి. అంటరానితనానికీ ఈ తిండికీ ఉన్న సంబంధం మీద ఆయన ఎంతో పరిశీలన చేశారు. 2022లో ఏర్పడిన మన జిల్లా ఆయన పేరు మీదే ఉంది.

ఈ కూర తినమని మేము ఎవరికీ చెప్పడం లేదు. తినని వారి అలవాటును గౌరవించాలి. తినే వారు తల వంచుకోనక్కరలేదు. అంతే.

చివరి మాట

ఆ క్యారేజీ తెచ్చిన అమ్మకు ఇప్పుడు పళ్ళు లేవు. మావాడు ఉద్యోగం చేస్తున్నాడు. ఆదివారం సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు పొద్దున్నే కుండ పెడతాడు. మొన్న మేమంతా వెళ్ళాం. ఆమె ముక్క నోట్లో పెట్టుకుని, చిగుళ్ళతో నలిపి, "ఉప్పు తగ్గిందిరా" అంది. తరువాత మరో ముద్ద పెట్టుకుంది. పక్కింటివాళ్ళ మనవడు గుమ్మంలోకి వచ్చి "ఏం కూర మామ్మా?" అని అడిగాడు. ఈసారి మావాడే చెప్పాడు – "పెద్ద కూర. రా, కూర్చో" అని.

తమ్ముళ్ళారా, ఇంటి నుంచి మీకు వచ్చే క్యారేజీ మూత తీసేటప్పుడు ఎవరు చూస్తున్నారని చూడకండి. ఎవరు తెచ్చారో వాళ్ళ ముఖం చూడండి.

అభ్యాసం

1. మాంసం మొదటి గంటలో ఎందుకు గట్టిపడుతుంది? తరువాత ఎందుకు మెత్తబడుతుంది?
2. గిన్నె కింద మంట రెట్టింపు చేసినా మాంసం త్వరగా ఉడకదు. కారణం రాయండి.
3. 200 వాట్ల స్లో కుక్కర్ 8 గంటలు పనిచేస్తే ఎన్ని యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది? (జవాబు: 1.6 యూనిట్లు)
4. మీ ఇంట్లో అమ్మ, మామ్మ లేదా అమ్మమ్మ సన్నసెగ మీద వండే ఒక వంటను అడిగి తెలుసుకుని, దాని వెనుక ఉన్న శాస్త్రాన్ని పది వాక్యాల్లో రాయండి. రాసినది సెలవుల్లో వారికే చదివి వినిపించండి.